ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క నిమిషం

"సిస్టమ్ బాగా స్లో అయిపోయిందండీ, ఒకసారి వచ్చి ఫార్మాట్ కొట్టేయండి." నాకొచ్చే ఫోన్లలో సగం ఇలాగే మొదలవుతాయి. జబ్బేంటో చెప్పకుండా ఫలానా ఇంజక్షన్ పొడిచేయండి అని డాక్టర్‌కే చెప్పినట్టుంటుంది. రెండు మూడు కంప్యూటర్లతో నడిచే చిన్న ఆఫీసులకి, వ్యాపారాలకి సిస్టమ్స్ చూసిపెట్టడం నా పని. ఫార్మాట్ అంటే డిస్క్ తుడిచేసి విండోస్ మళ్లీ కొత్తగా వేయడం. అలా కొడితే బాగుపడ్డ సిస్టమ్స్ లేవని అనను, ఉన్నాయి. కానీ అంతా అయ్యాక, కుర్చీ లాక్కుని కూర్చుని, స్క్రీన్ వంక చూసి "అయ్యో, ఆ ఫైలు డెస్క్‌టాప్ మీదే ఉండేదే" అన్న మాట విన్నన్ని సార్లు నేను ఇంకే మాటా వినలేదు.

విని విని నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నా. ఏ పనైనా సరే, చేశాక వద్దనిపిస్తే మళ్లీ మొదటికి రాగలమా లేదా అని ముందు చూసుకుంటా. రాగలిగితే ధైర్యంగా చేసేస్తా, తప్పైతే పోయేది ఓ అరగంట. రాలేని పనైతే కాపీ చేతికి వచ్చే దాకా ముట్టుకోను. రిపేర్‌కే కాదు, కొత్త సాఫ్ట్‌వేర్ ఏది తీసుకోవాలి అని ఎవరైనా అడిగినా నేను చూసేది ఇదే. ఫీచర్లు తర్వాత, ముందు ఇందులోంచి బయటికి ఎలా వస్తాం అన్నది.

రిపేర్ సంగతి ముందు చెప్తా.

వెళ్లగానే నేను అడిగేది "ఏం మారింది?" అని. జవాబు ఎప్పుడూ ఒకటే, "మేమేం ముట్టుకోలేదండీ, దానంతటదే అయింది." ఒక ఆఫీసులో ఉదయం నుంచి సగం కంప్యూటర్లకి నెట్ వస్తోంది, సగానికి రావట్లేదు. వచ్చేది కూడా ఒక్కోసారి వస్తుంది, రీస్టార్ట్ చేస్తే పోతుంది. ఎవరూ ఏమీ మార్చలేదట. గంటసేపు వైర్లు చూశాక పక్క గదిలో బీరువా మీద కొత్త వైఫై రూటర్ ఒకటి మిలమిల మెరుస్తూ కనిపించింది. "అదా, ఇక్కడ సిగ్నల్ అందట్లేదని రాత్రి పెట్టాం, దానికీ దీనికీ సంబంధం ఏముందిలెండి" అన్నారు. సంబంధం ఏంటంటే, కేబుల్ దాని లాన్ పోర్టులో గుచ్చారు. ఇప్పుడు ఆ నెట్‌వర్క్‌లో కంప్యూటర్లకి ఐపీ అడ్రసులు, అంటే ఇంటి నంబర్ల లాంటివి, పంచేవాళ్లు ఇద్దరయ్యారు. పాత రూటర్ దగ్గర అడ్రస్ తీసుకున్న సిస్టమ్‌కి నెట్ వస్తుంది, కొత్తదాని దగ్గర తీసుకున్నదానికి రాదు. కొత్త రూటర్‌లో ఆ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ఆపేస్తే రెండు నిమిషాల పని. అది తెలియకపోతే ఒక్కో సిస్టమ్‌నీ వరసపెట్టి ఫార్మాట్ కొట్టుకుంటూ పోవచ్చు, ఏమీ ఒరగదు.

నెట్ గురించి ఇంకో మాట. సిస్టమ్‌కి 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చిందంటే దానికి ఎవరూ అడ్రస్ ఇవ్వలేదు, అదే ఒకటి పెట్టుకుని కూర్చుంది అని అర్థం. అప్పుడు కేబులో, రూటరో, స్విచ్చో చూడాలి. అడ్రస్ సరిగ్గానే ఉండి, గూగుల్ సర్వర్ 8.8.8.8కి పింగ్ (ఉన్నావా అని పలకరింపు) వెళ్తూ, వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే సైట్ పేరుని అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ దగ్గర తేడా. ఈ రెండూ తెలిస్తే నెట్ కంపెనీ వాళ్లతో ఫోన్లో గట్టిగా మాట్లాడొచ్చు, కనీసం "రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" దగ్గర ఆగిపోకుండా.

స్లో సంగతికి వస్తే, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే కింద అప్‌టైమ్ అని ఒక లెక్క కనిపిస్తుంది, సిస్టమ్ ఎన్నాళ్లుగా ఆగకుండా నడుస్తోందో చెప్పే లెక్క. "రోజూ సాయంత్రం షట్‌డౌన్ చేసే వెళ్తామండీ" అని ఒట్టేసి చెప్పే వాళ్ల దగ్గర కూడా అక్కడ నలభై రోజులు చూపిస్తుంది. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి పెట్టారు, మామూలుగా షట్‌డౌన్ కొడితే విండోస్ పూర్తిగా ఆగదు, లోపలి భాగాన్ని డిస్క్ మీద దాచిపెట్టి పడుకుంటుంది, పొద్దున్నే అక్కడి నుంచే లేస్తుంది. రీస్టార్ట్ కొడితేనే నిజంగా మొదటి నుంచి మొదలవుతుంది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ షట్‌డౌన్ కన్నా రీస్టార్టే పెద్ద స్నానం. దాంతోనే తీరిపోయిన కంప్లయింట్లు ఎన్నో, వాటికి డబ్బులు అడగడానికి కూడా నాకు మొహమాటం.

రీస్టార్ట్ చేసినా బాగుపడకపోతే అదే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ అన్న గడి చూడండి. ఎప్పుడు చూసినా 100 శాతం ఉండి, చదివే వేగం మాత్రం సెకనుకి ఒకటి రెండు ఎంబీలు దాటట్లేదంటే చాలాసార్లు కారణం ఈ రెండిట్లో ఒకటి. ఒకటి, అందులో ఉన్నది తిరిగే పాత హార్డ్ డిస్క్. ఈ రోజుల్లో విండోస్ 10 గానీ 11 గానీ హార్డ్ డిస్క్ మీద నడపడం ఆ సిస్టమ్‌కీ శిక్షే, ముందు కూర్చున్న మనిషికీ శిక్షే. ర్యామ్ పెంచే ముందు, కొత్త కంప్యూటర్ కొనే ముందు ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, వేయించండి. ఫార్మాట్ కొట్టక్కర్లేదు, ఉన్నదున్నట్టు క్లోన్ చేసుకోవచ్చు, పాత డిస్క్ అలాగే పక్కన ఉంటుంది, ఏదైనా తేడా వస్తే మళ్లీ అదే తగిలించుకోవచ్చు. రెండో కారణం, డిస్క్ చావుకి దగ్గరపడింది. ఈ రెండోది ఉన్నప్పుడు తొందరపడితే మొత్తం పోతుంది కాబట్టి ఇది కొంచెం వివరంగా చెప్తా.

ఒకచోట బిల్లింగ్ సిస్టమ్ మధ్యమధ్యలో బిగుసుకుపోతోంది. చెవి పెట్టి వింటే క్యాబినెట్ లోంచి చిన్నగా టిక్, టిక్, ఆగి మళ్లీ టిక్. నాకన్నా ముందు వచ్చిన అబ్బాయి డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ టూల్ చెక్‌డిస్క్ పెట్టి, రాత్రంతా నడవనివ్వండి అని చెప్పి వెళ్లాడట. అలవాటు కొద్దీ చేసిన పనే, పాపం తప్పు పట్టను. కానీ చెక్‌డిస్క్ రిపేర్ మోడ్‌లో పెడితే అది చూసి ఊరుకోదు, డిస్క్ మీద రాస్తుంది, ఫైళ్ల పట్టికల్ని సరిచేస్తుంది, చదవలేని చోట ఉన్నదాన్ని వదిలేసుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌కి అది వైద్యం. ఊపిరి ఎగబీలుస్తున్న డిస్క్‌కి రాత్రంతా పరుగు పందెం.

నేను క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెట్టి చూశా. ఉచితంగా దొరికేదే, డిస్క్ తన గురించి తాను రాసుకునే స్మార్ట్ లెక్కల్ని చూపిస్తుంది. అందులో 05 నంబరు, పాడై ఇప్పటికే పక్కన పెట్టేసిన సెక్టార్లు, అంటే డేటా రాసుకునే చిన్న చిన్న గడులు. వీటికి బదులు వేరేవి వాడేసుకుంది కాబట్టి కొద్దిగా ఉన్నా కొన్నాళ్లు లాగొచ్చు. సీ5 అని ఉండేది, అంటే మామూలు లెక్కలో 197, అసలు ప్రమాదం అది. ఆ సెక్టార్లలో ఏముందో చదవలేకపోతోంది, ఏం చేయాలో తేల్చుకోలేక ఊగుతోంది అని. అక్కడ సున్నా కాకుండా ఏదైనా అంకె ఉండి, కాసేపయ్యాక చూస్తే పెరిగిందంటే ఇక ఆ సిస్టమ్ మీద మామూలు పనేదీ చేయొద్దు. విండోస్ లోంచి కూడా బయటికి వచ్చేసి, డిస్క్ తీసి వేరే సిస్టమ్‌కి తగిలించి కాపీ మొదలుపెట్టాలి.

కాపీ తీసే వరస కూడా ముఖ్యమే. కంట్రోల్ ఏ కొట్టి మొత్తం లాగేయడం కాదు. లేకపోతే ఏం చేయలేమో అది ముందు. ఆ రోజు నేను మొదట లాగింది బిల్లింగ్, అకౌంట్స్ డేటా ఫోల్డర్, చిన్నదే, నిమిషంలో వచ్చేసింది. తర్వాత మెయిల్స్ ఉన్న పీఎస్‌టీ ఫైలు. ఆ తర్వాత స్కాన్ చేసిన కాగితాల ఫోల్డర్, అక్కడ ఒక ఫైలు దగ్గరికి వచ్చేసరికి డిస్క్ టిక్ టిక్ మొదలుపెట్టి కదలనని మొరాయించింది. దాన్ని వదిలేసి ముందుకి వెళ్లా. మొండికేసిన ఫైలు దగ్గరే పంతం పట్టుకుని కూర్చుంటే డిస్క్ పూర్తిగా చేతులెత్తేయొచ్చు, అప్పుడు సులువుగా వచ్చేవి కూడా పోతాయి. లినక్స్‌లో డీడీరెస్క్యూ అని ఒక టూల్ ఉంది, అది చేసేది సరిగ్గా ఇదే, తేలిగ్గా చదవగలిగేవి ముందు లాగేసి, కష్టమైన చోట్లకి చివర్లో తిరిగొస్తుంది. స్కాన్ కాగితాల్లో కొన్ని రాలేదు. బిల్లింగ్ డేటా మాత్రం మొత్తం వచ్చింది. ఆ అబ్బాయి చెప్పినట్టు ఇంకో రాత్రి నడిపి ఉంటే వచ్చేదా అంటే, నాకైతే నమ్మకం లేదు.

ఎస్ఎస్‌డీ ఉంటే ఈ గొడవ లేదు కదా అనుకోవద్దు. ఎస్ఎస్‌డీలు టిక్ టిక్ అనవు, చాలాసార్లు చెప్పాపెట్టకుండా పోతాయి. ఇంకోటి, పొరపాటున డిలీట్ చేసినా సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తెచ్చుకోవచ్చులే అన్న ధీమా పాత హార్డ్ డిస్క్‌ల కాలం నాటిది. ఎస్ఎస్‌డీలో డిలీట్ చేశాక ట్రిమ్ అనే పని వెనకాల జరిగిపోతుంది, ఆ జాగా ఖాళీ అయిపోతుంది, ఆ తర్వాత రికవరీ టూల్స్‌కి దొరికేది దాదాపు సున్నా.

కాబట్టి తిరిగి తిరిగి బ్యాకప్ దగ్గరికే వస్తాం. ఇక్కడ నేను చూసిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఒకాయన చాలా పద్ధతైన మనిషి, రోజూ సాయంత్రం సాఫ్ట్‌వేర్‌ని పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి ఇంటికి తీసుకెళ్లేవారు. ఏడాది పైనే అలా చేశారు. సిస్టమ్ పోయిన రోజు ఏమాత్రం టెన్షన్ లేకుండా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసిచ్చారు. తెరిచి చూస్తే అందులో ఒకే ఒక బొమ్మ, కింద మూలన చిన్న బాణం గుర్తుతో. సైజు రెండు కేబీ. ఆయన రోజూ కాపీ చేసింది డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్‌ని. ఇంటి తాళం అనుకుని ఇంటి అడ్రస్ రాసిన చీటీ జేబులో వేసుకుని తిరిగినట్టు. ఆ రోజు ఆయన మొహం చూశాక, ఎవరి దగ్గరికి వెళ్లినా "బ్యాకప్ ఉందా" అని అడగడం మానేశా, "బ్యాకప్ లోంచి ఒక ఫైలు తెరిచి చూపించండి" అంటున్నా.

పెద్దవాళ్లు కూడా దీనికి అతీతులు కారు. 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌ అనే కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే తుడిచేశాడు. వెనక్కి తెద్దామని చూస్తే వాళ్ల దగ్గరున్న అయిదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఒక్కటీ సరిగ్గా పనిచేయట్లేదని అప్పుడు తెలిసింది. అదృష్టం కొద్దీ ఇంకో పని కోసం ఆరు గంటల ముందు తీసిన కాపీ ఒకటి ఉంది కాబట్టి బయటపడ్డారు. వాళ్లదే ఆ పరిస్థితి అయితే మన పెన్‌డ్రైవ్ సంగతి ఎంత.

డి డ్రైవ్ బ్యాకప్ కాదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. సి, డి అని రెండు కనిపించినా చాలా సిస్టమ్స్‌లో లోపల ఉన్నది ఒకే డిస్క్, ఒకే గదికి మధ్యలో తెర కట్టినట్టు. గది కాలితే రెండూ కాలతాయి. ఎప్పుడూ తగిలించే ఉంచే ఎక్స్‌టర్నల్ డిస్క్ కూడా సగం బ్యాకపే, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ వస్తే దాన్నీ కలిపి తాళం వేసేస్తుంది. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ లాంటివి సింక్ చేస్తాయి, అంటే ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, అంతే. మూడు నెలల తర్వాత ఆడిట్‌కి ఫైలు కావాల్సి వచ్చి వెతికేవాళ్లకి ఆ 30 రోజులు ఏం పనికొస్తాయి?

పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ చెప్పిన 3-2-1 లెక్క నాకు ఇప్పటికీ సరిపోతోంది. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఆఫీసు బయట. చిన్న వ్యాపారానికి రెండు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లు కొని వారం వారం మార్చుకుంటూ, ఒకటి ఆఫీసులో, ఒకటి ఇంట్లో పెట్టుకుంటే చాలు, దానికి తోడు క్లౌడ్ ఉంటే ఇంకా మంచిది. కాపీ అవగానే డిస్క్ పీకేయాలి. నెలకోసారి ఏదో ఒక ఫైలు, మీకు తోచింది, ఆ డిస్క్ లోంచి వేరే కంప్యూటర్లో తెరిచి చూడాలి. షార్ట్‌కట్ కాదు, ఫైలు.

ప్రింటర్ గురించి రాయకపోతే ఈ పోస్ట్ పూర్తి కాదు, నాకొచ్చే మిగతా సగం ఫోన్లు వాటి గురించే. ప్రింటర్ వెలుగుతూ ఉంటుంది, కాగితం ఉంటుంది, సిస్టమ్‌లో మాత్రం ఆఫ్‌లైన్ అంటుంది. వైఫై, లాన్ ప్రింటర్లకి ఇది ఎక్కువ. రూటర్ ఆగి మళ్లీ మొదలైనప్పుడు ప్రింటర్‌కి కొత్త అడ్రస్ ఇస్తుంది, విండోస్ మాత్రం పాత అడ్రస్‌కే ఉత్తరాలు పంపుతూ ఉంటుంది, ఇల్లు మారిన సంగతి పోస్ట్‌మ్యాన్‌కి తెలియనట్టు. ప్రింటర్‌ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేస్తే పనిచేస్తుంది, ఎందుకంటే అప్పుడు కొత్త అడ్రస్ వెతుక్కుంటుంది. ఓ నెల తర్వాత మళ్లీ అదే కథ, మళ్లీ అదే అబ్బాయి, మళ్లీ విజిటింగ్ ఛార్జ్. రూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ ప్రింటర్‌కి ఒక అడ్రస్ రిజర్వ్ చేసి, విండోస్‌లో ఆ అడ్రస్‌తోనే టీసీపీ ఐపీ పోర్ట్ పెట్టి కలిపితే ఆ గోల తీరిపోతుంది. ఒక ప్రింట్ ఇరుక్కుపోయి, డిలీట్ కొట్టినా పోకుండా "డిలీటింగ్" అని అలాగే ఉండిపోతే, సర్వీసెస్‌లో ప్రింట్ల వరస చూసుకునే ప్రింట్ స్పూలర్ ఆపి, విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ ఫోల్డర్ తెరిచి లోపలున్న ఫైళ్లు తీసేసి, స్పూలర్ మళ్లీ మొదలుపెట్టండి. లోపలి ఫైళ్లు మాత్రమే, ఫోల్డర్ కాదు.

డ్రైవర్ కావాలంటే ప్రింటర్ కంపెనీ సైట్‌కే వెళ్లండి. గూగుల్‌లో పైన కనిపించే "ఉచిత డ్రైవర్ అప్‌డేటర్" జోలికి వెళ్లొద్దు, డ్రైవర్ సంగతేమో గానీ బ్రౌజర్ నిండా ప్రకటనలు మాత్రం వస్తాయి.

ఇంకొక చిన్న విషయం, చాలామందిని చుట్టూ తిప్పేది. ఏ వెబ్‌సైట్ తెరిచినా "సురక్షితం కాదు" అని అడ్డం పడుతుంటే వైరస్ అని కంగారుపడకండి, ముందు కింద మూలన తేదీ చూడండి. మదర్‌బోర్డ్ మీద బొత్తాం లాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోతే, కరెంట్ తీసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది, సైట్ల సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ అనుకుంటుంది. బిల్లులు కూడా ఆ పాత తేదీతోనే పడతాయి, అసలు తలనొప్పి అది.

అప్‌డేట్ల విషయంలో జనం రెండు రకాలు, వచ్చింది వచ్చినట్టు వేసేసేవాళ్లు, జన్మలో వేయనివాళ్లు. రెండో రకానికి గుర్తుచేయాల్సింది వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్. 2017 మే 12న ప్రపంచమంతా పాకి బ్రిటన్‌లో ఆసుపత్రుల పనుల్ని కూడా ఆపేసింది, దాన్ని అడ్డుకునే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చేసింది. దాదాపు రెండు నెలల టైమ్ ఉంది, చాలామంది వేసుకోలేదు. మొదటి రకానికి 2024 జులై 19 చాలు, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌కి దాదాపు 85 లక్షల విండోస్ సిస్టమ్స్ నీలి తెర పట్టుకుని కూర్చున్నాయి. ఆఫీసులో అంత ముఖ్యం కాని సిస్టమ్ ఒకటి ఉంటుంది కదా, దానికి ముందు పడనివ్వండి, బిల్లింగ్ సిస్టమ్‌కి ఒక వారం పాజ్ పెట్టుకోండి. వారం, సంవత్సరం కాదు. యాంటీవైరస్ కోసం విడిగా కొనాలా అంటే, చిన్న ఆఫీసుకి విండోస్‌తో వచ్చే డిఫెండర్ సరిపోతుందన్నది నా అభిప్రాయం. అది ఏమీ చేయలేని చోటు ఒకటుంది, క్రాక్ సాఫ్ట్‌వేర్ వేసేటప్పుడు "ముందు యాంటీవైరస్ ఆపండి" అని ఆ సాఫ్ట్‌వేరే అడిగితే మనమే మన చేత్తో ఆపేసి లోపలికి పిలవడం.

ఇక సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం.

డెమో చూపించడానికి వచ్చినవాళ్లు ఎప్పుడూ లోపలికి వెళ్లే దారే చూపిస్తారు. రంగురంగుల గ్రాఫులు, మొబైల్ యాప్, ఒక్క క్లిక్‌తో రిపోర్ట్. నేను పక్కన కూర్చుని అడిగేది, "రెండేళ్ల తర్వాత ఇది వద్దనుకుంటే మా డేటా మొత్తం ఎలా ఇస్తారు?" అని. అక్కడ చాలామంది తడబడతారు. "పీడీఎఫ్‌లో తీసుకోవచ్చు సార్" అంటారు. పీడీఎఫ్ అనేది ఫొటో, డేటా కాదు. వెయ్యి బిల్లుల పీడీఎఫ్‌ని ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలంటే ఎవరో కూర్చుని మళ్లీ టైప్ చేయాల్సిందే.

ట్రయల్ ఇచ్చినప్పుడే ఈ పని చేయండి. ఓ ఇరవై బిల్లులు నిజంగా ఎంటర్ చేయండి. అందులో ఒకటి రిటర్న్ వచ్చింది, ఒకటి సగం డబ్బే ఇచ్చింది, ఒకటి క్యాన్సిల్ అయింది ఉండాలి, ఎందుకంటే డెమోలో ఇవి ఎప్పుడూ చూపించరు. తర్వాత అన్నీ ఎక్సెల్ లేదా సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలు) లోకి ఎక్స్‌పోర్ట్ చేసి తెరవండి. బిల్లు మొత్తం మాత్రమే వచ్చిందా, లోపలి ఐటమ్స్ కూడా విడివిడిగా వచ్చాయా? కస్టమర్ల బాకీలు వచ్చాయా? ఇక్కడ ఎక్సెల్ చేసే ఒక తుంటరి పని తెలిసి ఉండాలి. సీఎస్‌వీని నేరుగా డబుల్ క్లిక్ చేసి తెరిస్తే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, 15 అంకెలు దాటిన నంబర్లలో చివరి అంకెలు సున్నాలైపోతాయి, తేదీల్లో రోజు, నెల తారుమారవుతాయి. దాన్ని సేవ్ కొట్టారంటే ఇక వెనక్కి రాదు. డేటా మెనూ లోంచి ఇంపోర్ట్ చేసుకుని ఆ కాలమ్స్‌ని టెక్స్ట్ అని చెప్పాలి, అసలు ఫైలుని మాత్రం ముట్టుకోకూడదు.

క్లౌడ్ మీద నడిచేదైతే ఇంకో ప్రశ్న, డబ్బు కట్టడం ఆపితే పాత లెక్కలు చూసుకోనిస్తారా, ఎన్నాళ్లు ఉంచుతారు. నోటిమాటగా కాదు, మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. సొంత సిస్టమ్ మీద నడిచేదైతే లోపల ఏ డేటాబేస్ ఉందో అడగండి. చాలా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ మీద నడుస్తాయి, ఉచితమే, కానీ 2022 వెర్షన్ వరకు ఒక డేటాబేస్ 10 జీబీ దాటకూడదు. ఏళ్ల తరబడి బాగా నడిచి ఒక రోజు ఉన్నట్టుండి బిల్లు సేవ్ కావట్లేదంటే, ఫార్మాట్ కాదు చేయాల్సింది, ముందు ఆ సైజు చూడాలి.

తెలిసినవాళ్లబ్బాయితో సొంతంగా రాయించుకునే వాళ్లూ ఉన్నారు. తప్పేం లేదు, కొన్నిసార్లు అదే బాగా కుదురుతుంది. సోర్స్ కోడ్, డేటాబేస్ పాస్‌వర్డ్ మాత్రం మొదటి రోజే మీ దగ్గర ఉండాలి. ఆ అబ్బాయికి వేరే ఊళ్లో ఉద్యోగం వస్తుంది, నంబరు మారుతుంది, అది అతని తప్పు కాదు. వెబ్‌సైట్ డొమైన్, మెయిల్ అకౌంట్ కూడా అంతే, వెళ్లిపోయిన ఉద్యోగి ఫోన్‌కి ఓటీపీలు వెళ్తున్న ఆఫీసులు నాకు తెలిసినవే మూడున్నాయి.

అసలు సాఫ్ట్‌వేర్ ఎందుకు, ఎక్సెల్ చాలదా అంటే, ఒక్క మనిషి చేసే లెక్కకి చాలు. ఇద్దరు ఒకే ఫైలుని మెయిల్‌లో అటూ ఇటూ పంపుకుంటూ "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ కొత్తది 2" మొదలైతే ఆ రోజుతో ఎక్సెల్ కాలం చెల్లినట్టే. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో 65,536 వరసలే పడతాయి, కొత్తదాంట్లో 10,48,576. 2020లో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కొవిడ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి ఎక్కకుండా పోవడానికి కారణం ఆ పాత ఫార్మాటే, పట్టినంత వరకే ఎక్కాయి, మిగతావి జారిపోయాయి.

లిబ్రేఆఫీస్ సరిపోతుందా అని అందరూ అడుగుతారు. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయి వచ్చింది, ఇప్పటికీ చురుగ్గా అప్‌డేట్లు వస్తున్నది ఇదే, పేరు తెలుసు కదా అని ఓపెన్‌ఆఫీస్ దింపుకోకండి. లెటర్లు, కొటేషన్లు, మామూలు షీట్లయితే హాయిగా లిబ్రేఆఫీస్ వాడుకోండి. మీ ఆడిటర్ మ్యాక్రోలు (లోపలే నడిచే చిన్న ప్రోగ్రాములు) ఉన్న ఎక్సెల్ ఫైళ్లు పంపి మళ్లీ అలాగే కావాలనే రకమైతే మాత్రం ఆ కుస్తీ వద్దు, డబ్బు పెట్టి ఆఫీస్ కొనేయండి. జిప్ ఫైళ్లకి సెవెన్‌జిప్, మెయిల్‌కి థండర్‌బర్డ్, ఇవి చాలు, వీటికి క్రాక్ వెతుక్కోవాల్సిన కర్మ లేదు.

చివరగా ఈ మధ్య అందరూ అడుగుతున్నది, విండోస్ 10. దానికి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలంటే విడిగా నమోదు చేసుకోవాలి. 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైన ఉండాలి. పని మొత్తం బ్రౌజర్‌లోనే జరిగే సిస్టమ్ అయితే విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసి చూడండి. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, ప్రింటర్, స్కానర్ పనిచేస్తున్నాయో లేదో ఇన్‌స్టాల్ చేయకముందే చూసుకోవచ్చు, నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే విండోస్ ఎక్కడిదక్కడే ఉంటుంది. పాత లేబుల్ మెషీన్‌కో, డాంగిల్ (తాళంచెవి లాంటి చిన్న పరికరం) పెడితేనే తెరుచుకునే సాఫ్ట్‌వేర్‌కో కట్టుబడిపోయిన సిస్టమ్ ఉంటే దాన్ని కదపకండి. ఇలాంటిది ఒకటి నా చేతిలో ఉంది. డిస్క్‌ని ఇమేజ్ తీసి రెండు చోట్ల పెట్టా, నెట్ కేబుల్ పీకేశా, పోర్టుకి టేపు అంటించి మీద స్కెచ్‌పెన్‌తో "దీనికి నెట్ పెట్టొద్దు" అని రాశా. ఇప్పటికి రెండుసార్లు ఎవరో ఆ టేపు పీకారు. ఎవరని అడిగితే, ఎవరూ ముట్టుకోలేదట.